సూది ఎందుకో అమ్మకు చెప్పలేకపోయాం

మొన్న దీపావళి సెలవులకు భివండి వెళ్లేసరికి అమ్మ ఎడమ కాలికి గుడ్డ కట్టుకుని కుంటుతూ తిరుగుతోంది. కండెలు చుట్టే కార్ఖానాలో కింద పడి ఉన్న చెక్కపట్టీ మీద కాలేసిందట. దానికున్న మేకు చెప్పులోంచి దూసుకొచ్చి మడమ పక్కన దిగింది. అమ్మ మేకు పీకేసి, పసుపు అద్ది, గుడ్డ కట్టి, మిగిలిన కండెలు కూడా చుట్టి అప్పుడు ఇంటికొచ్చింది. "టీటీ సూది వేయించుకున్నవా?" అని అడిగితే, "గింత దానికి సూది ఎందుకు బిడ్డా, ఆ మేకుకు తుప్పు గూడ లేదు" అంది.

మూడేళ్ల కింద బాపుకు దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఇట్లా జరగలేదు. సాంచె మీంచి ధోటా ఎగిరొచ్చి నుదుటికి తగిలింది. (మన పాఠాల్లో 'నాడె' అని చదువుకునేదాన్నే భివండిలో మరాఠీ వాళ్లతో పాటు మేమూ ధోటా అంటాం.) ముకద్దం వెంటనే బండి మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు. కుట్లతో పాటే సూదీ వేశారు. ఆ తర్వాత ఒకసారి అమ్మకు చెయ్యి తెగి, తానే ఒక దవాఖానకు వెళ్లి సూది అడిగితే, అక్కడున్న మనిషి నవ్వి, "కడుపుతో ఉన్నావా ఏంది? ఈ వయసులో నీకెందుకు?" అన్నాడట. అప్పట్నుంచి అమ్మ లెక్కలో ఆ సూది రెండు రకాల వాళ్లకే: కడుపుతో ఉన్న ఆడవాళ్లకూ, సాంచెల దగ్గర పనిచేసే మగవాళ్లకూ.

మా తమ్ముడు 12వ తరగతి సైన్సు చదువుతున్నాడు. ఇంగ్లిష్ మీడియం. వాడు పుస్తకం మూసి చెప్పాడు: "అమ్మా, ఆ టాక్సిన్ న్యూరోట్రాన్స్‌మిటర్ రిలీజ్‌ని బ్లాక్ చేస్తది." అమ్మ వాడి మొహం చూసి "ఏం చేస్తదిరా?" అంది. వాడు హిందీలో ప్రయత్నించాడు. మా ఇంట్లో తెలుగూ, భివండి హిందీ రెండూ నడుస్తాయి, రెండిట్లోనూ వాడికి మాట దొరకలేదు. నేను తెలుగు చదువుతున్న దాన్ని. నాకు మాటలున్నాయి, విషయం తెలీదు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఆ రోజు నాకు అనిపించింది ఇది: ఎందుకో చెప్పకుండా వేసే సూది తాయెత్తు లాంటిదే. తాయెత్తును ఎవరు కట్టుకోవాలి, ఎవరికి అక్కర్లేదు అని ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు, మనం నమ్ముతాం. ఒంట్లో ఏం జరుగుతుందో మన మాటల్లో తెలిసిన మనిషిని మాత్రం నవ్వి పంపించేయడం అంత తేలిక కాదు. అందుకే సెలవుల్లో తమ్ముడి పుస్తకాలు, హాస్టల్‌కొచ్చాక లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని చదివా. నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నా. ఓపిగ్గా చదవండి, మధ్యలో కొంచెం బయాలజీ ఉంది.

చెయ్యి ఎత్తాలంటే మెదడు నుంచి వెన్నుపాము దాకా, అక్కడి నుంచి కండ దాకా కబురు వెళ్లాలి. నాడీకణంలో ఆ కబురు కరెంటు లాగా పరుగెత్తుతుంది. కానీ నాడి చివర కండకు అతుక్కుని ఉండదు. మధ్యలో సన్నటి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని చాలావరకు రసాయనమే దాటించాలి. దాని పేరే న్యూరోట్రాన్స్‌మిటర్. కండ దగ్గరైతే అది ఎసిటైల్‌కొలీన్. ఈ రసాయనాన్ని నాడి చివర చిన్న చిన్న తిత్తుల్లో నింపి పెట్టుకుంటుంది. సైన్సు వాళ్లు వెసికిల్స్ అంటారు, నాకు తిత్తి అనే మాట బాగుంది. ఒక్కో తిత్తి వెడల్పు దాదాపు 40 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందంలో ఇలాంటివి వెయ్యికి పైనే పక్కపక్కన పడతాయి. అంత చిన్న తిత్తిలోనూ కొన్ని వేల రసాయన అణువులు ఉంటాయి.

తిత్తుల లెక్కను ముందుగా పట్టుకున్నది లండన్‌లో బెర్నార్డ్ కాట్జ్. జర్మనీలో పుట్టిన యూదుడు, హిట్లర్ కాలంలో 1935లో లండన్‌కు వెళ్లిపోయాడు. 1950ల మొదట్లో పాల్ ఫాట్‌తో కలిసి కప్ప కండ మీద పరీక్ష చేస్తుంటే, నాడిని కదిలించకపోయినా కండలో బుల్లి బుల్లి సంకేతాలు కనిపించాయి. నాడిని కదిలించినప్పుడు వచ్చే పెద్ద సంకేతం కూడా అలాంటి చిన్నవి కొన్ని కలిసిందేనని ఆ తర్వాత తేలింది. మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లను అడిగితే దీన్ని ఒక్క ముక్కలో చెప్తారు: కట్టల లెక్కే గానీ విడి బీడీల లెక్క లేదు. నాడి కూడా రసాయనాన్ని చిల్లరగా పోయదు, తిత్తికి తిత్తి ఖాళీ చేస్తుంది. కాట్జ్‌కు 1970లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది.

ఇప్పుడు అసలు సంగతి. తిత్తికీ, నాడి గోడకూ రెండిటికీ కొవ్వు పొరలే. నీళ్లలో ఉన్న ఆ పొరలు రెండూ వాటంతట అవి కలవవు, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. వాటిని బలవంతంగా కలిపేవి స్నేర్ అనే ప్రొటీన్లు. తిత్తి మీద ఒక పోగు ఉంటుంది, దాని పేరు సినాప్టోబ్రెవిన్. గోడ వైపు సింటాక్సిన్ అనే ప్రొటీన్ ఒక పోగు, స్నాప్-25 అనేది రెండు పోగులు ఇస్తాయి. ఈ నాలుగు పోగులూ ఒకదాన్నొకటి చుట్టుకుని పురి పడతాయి. పురి దూరపు కొస నుంచి మొదలై పొరల వైపు బిగుసుకుంటూ వస్తుంది. బిగిసిన కొద్దీ తిత్తి గోడకు దగ్గరవుతుంది. నాడిలో కబురు రాగానే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. సినాప్టోటాగ్మిన్ అనే ప్రొటీన్ ఆ కాల్షియాన్ని పసిగడుతుంది. అంతే, రెండు పొరలూ ఒకటై, తిత్తి నోరు తెరుచుకుని రసాయనం బయటికి పోతుంది. కాల్షియం వచ్చాక ఇదంతా జరగడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు.

పని అయ్యాక ఆ పురి విప్పాలి, లేకపోతే పోగులు మళ్లీ పనికిరావు. పురి పడటం తేలిక, విప్పడానికే బలం కావాలి. ఆ బలం ఏటీపీ నుంచి వస్తుంది. ఖాళీ తిత్తిలో మళ్లీ రసాయనం నింపడానికీ ఏటీపీనే ఖర్చవుతుంది. ఈ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు విడివిడిగా కనుక్కున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి. సుబ్బారావు గారు గొప్పవారని స్కూల్లో చదివాం గానీ, మనం చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఆయన వెతికిపట్టిన అణువే నాడి చివర పురి విప్పుతోందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ తిత్తుల రవాణా కథంతా విప్పినందుకు 2013లో జేమ్స్ రాత్‌మన్, రాండీ షెక్‌మన్, థామస్ సూదాఫ్‌లకు నోబెల్ వచ్చింది. మనిషి మెదడులో చూడటం కష్టం కాబట్టి సైంటిస్టులు నాడిలాంటి కణాలను వాడుకున్నారు. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథిలోని కణాలు అలాంటివి. మనకు భయం వేసినప్పుడు అడ్రినలిన్‌ను వదిలేవి అవే, తిత్తుల్లోంచే. ఎలుక అడ్రినల్ గ్రంథి కణితి నుంచి 1976లో తీసిన పీసీ12 అనే కణాలు ఇంకా చిత్రమైనవి. వాటికి నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ ఇస్తే కొమ్మలు సాచి నాడీకణాల్లా మారిపోతాయి. అలాంటి కణానికి సన్నటి కార్బన్ పోగు తాకించి పెడితే, ఒక్కో తిత్తి పగిలిన ప్రతిసారీ తెర మీద ఒక గీత లేస్తుంది.

ఆ నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను కనిపెట్టింది ఒక ఆడమనిషి అని మన కాలేజీలో ప్రత్యేకంగా చెప్పాలి. రీటా లెవీ మోంటాల్చినీ. ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం యూదులను యూనివర్సిటీల్లోంచి గెంటేస్తే, ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుని కోడిగుడ్లలోని పిండాల మీద పరిశోధన చేసింది. 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నోబెల్ తీసుకుంది. 103 ఏళ్లు బతికింది.

ఇక ధనుర్వాతం. దీని సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, పేడలో, దుమ్ములో ఉంటాయి. గాలి తగలని లోతైన గాయంలోకి పోతే అక్కడ మొలిచి విషం తయారుచేస్తాయి. ఆ విషం నాడి చివర్లోకి ఎక్కి, నాడి వెంబడి వెనక్కి పాకుతూ వెన్నుపాముకు చేరుతుంది. అక్కడ కండలను "ఇక ఆగు" అని అదుపు చేసే నాడీకణాలు ఉంటాయి. మనం మోచెయ్యి మడిచినప్పుడు ముందు కండ బిగిస్తే వెనక కండ వదులవ్వాలి కదా, ఆ వదులు చేసే కబురు వీటి నుంచే వస్తుంది. విషం వీటిలోకి దూరి ఒకే ఒక్క పని చేస్తుంది. తిత్తి మీదున్న సినాప్టోబ్రెవిన్ పోగును ఒకచోట కత్తిరిస్తుంది. పోగు తెగితే పురి పడదు. పురి పడకపోతే తిత్తి నిండా రసాయనం ఉన్నా బయటికి రాదు. "ఆగు" అనే కబురు ఆగిపోతుంది. ముందు దవడ బిగుసుకుంటుంది, తర్వాత మెడ, వీపు. ముందు కండలూ వెనక కండలూ ఒకేసారి బిగుసుకుని, బలమైన వీపు కండలు గెలిచి, ఒళ్లు విల్లులా వంగుతుంది. ధనుస్సులా వంచే జబ్బు కాబట్టి ధనుర్వాతం. పేరులోనే చిత్రం ఉంది, మనం ఎప్పుడూ విడదీసి చూడలేదు.

ఆ స్థితిలో వెలుతురు పడినా, చప్పుడైనా, ఎవరు తాకినా ఒళ్లంతా మళ్లీ బిగుసుకుంటుంది. అందుకే రోగిని చీకటిగా, చప్పుడు లేని గదిలో పెడతారు. రాత్రింబగళ్లు సాంచెల చప్పుడు గోడల్లోంచి వచ్చే మా వాడలో అలాంటి గది ఎక్కడ దొరుకుతుందా అని చదువుతూ ఆగిపోయా.

ఈ విషం కత్తిరించేది ఆ పోగునే అని 1992లో ఇటలీలోని పాదువాలో షియావో, మోంటెకూకో బృందం తేల్చింది. తిత్తి కలవడానికి ఆ ప్రొటీన్ ఎంత అవసరమో తెలిసింది కూడా అట్లానే. జబ్బే పాఠం చెప్పింది. బొటులిజం విషం కూడా ఈ స్నేర్ పోగులనే కత్తిరిస్తుంది. కాకపోతే అది కండ దగ్గరే ఉండి "బిగుసుకో" అనే కబురును ఆపుతుంది, కాబట్టి అక్కడ ఒళ్లు చచ్చుబడుతుంది. ఒకే రకం కత్తెర, తెగిన చోటును బట్టి జబ్బు వేరు.

ఇదంతా తెలిశాక కొన్ని సంగతులు వాటంతట అవే తేలిపోతాయి.

తుప్పు ఉందా లేదా అన్నది లెక్కలోకే రాదు. గాయం లోతూ, మట్టీ లెక్క. అమ్మ మేకుకు తుప్పు లేదు, నిజమే. కార్ఖానా నేల మీద దుమ్ము లేదా?

విషం నాడి లోపలికి పోయాక మందు దాన్ని పట్టుకోలేదు. సూది ముందే ఒంట్లో కాపలా పెట్టి ఉంచాలి.

ఒకసారి ధనుర్వాతం వచ్చి బతికినవాళ్లకు కూడా మళ్లీ రాదన్న భరోసా లేదు. ప్రాణం తీసేంత విషం కూడా ఎంత కొంచెమంటే, ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకోలేదు. వాళ్లూ సూది వేయించుకోవాల్సిందే.

అన్నిటికన్నా పెద్దది: ఇది మనిషి నుంచి మనిషికి అంటేది కాదు. పోలియో చుక్కలు ఊళ్లో అందరూ వేయించుకుంటే, వేయించుకోని పిల్లకూ కొంత రక్షణ. ధనుర్వాతం దగ్గర ఆ లెక్క పనిచేయదు. బాపు సూది అమ్మను కాపాడదు. ఎవరి సూది వాళ్లదే.

మన దేశం 2015లో బాలింతల్లో, పసిపిల్లల్లో ధనుర్వాతాన్ని దాదాపు లేకుండా చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇది చిన్న విజయం కాదు. కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ సూది అందించాలని పట్టుబట్టినందుకు వచ్చిన ఫలితం. కానీ అదే పట్టుదల వల్ల ఇంకో అపోహ కూడా మిగిలింది: ఆ సూది బిడ్డ కోసమని, తల్లి కోసం కాదని. మా అమ్మకు చివరి సూది తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు వేశారు. వాడికిప్పుడు 17 ఏళ్లు. పెద్దవాళ్లు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలని, గాయం లోతైనదీ మురికిదీ అయితే ఐదేళ్లు దాటినా వేయించుకోవాలని డాక్టర్లు చెప్తారు. పుట్టిన కొన్ని వారాలకే మొదలుపెట్టి 16 ఏళ్ల దాకా, ఆ తర్వాత కడుపుతో ఉన్నప్పుడు సర్కారు లెక్కలో మనం ఉంటాం. పిల్లల్ని కనడం అయిపోయాక? కండెలు చుట్టే వయసు, పొలంలో నాట్లేసే వయసు, గాయాలయ్యే వయసు అంతా దాని తర్వాతే ఉంది.

భివండిలో మా వాళ్లంతా ఎక్కువగా పద్మనగర్‌లో ఉంటారు, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి వెళ్లినవాళ్లు. మా తాత బొంబాయి మిల్లులో పనిచేసి, 1982 సమ్మె తర్వాత భివండి సాంచెలకు వచ్చాడు. మగవాళ్లు సాంచెల మీద, ఆడవాళ్లు కండెల దగ్గరా బీడీల దగ్గరా. సాంచె దగ్గర దెబ్బ తగిలితే అది 'యాక్సిడెంట్', నలుగురు పరుగెత్తుకొస్తారు. కండెల దగ్గర కాలికి మేకు దిగితే అది 'చూసుకుని నడవాల్సింది'. దెబ్బ తేడా కాదిది, ఎవరికి తగిలిందన్న తేడా.

ఇది చదివి కొందరు అడగొచ్చు, "తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ పత్రికలో ఈ సైన్సు ఎందుకు?" అని. అడిగారు కూడా, ఈ వ్యాసం చిత్తుప్రతి చూసిన మా రూమ్మేటు. నా జవాబు: మరి ఎక్కడ? బయాలజీ వాళ్లకు ఇంగ్లిష్‌లో మార్కులు రావాలి. మనకు పద్యాలకు మార్కులు రావాలి. మధ్యలో అమ్మలు ఉన్నారు. వాళ్లకు అర్థమయ్యే మాట తయారుచేయడం మన పని కాకపోతే ఎవరి పని? 'సినాప్టోబ్రెవిన్'కు సంస్కృతంలో కొత్త పేరు పెట్టమని నేను అనడం లేదు. అట్లా పెడితే అమ్మకు అదీ అర్థం కాదు, ఇదీ అర్థం కాదు. పేరు పేరుగానే ఉండనిద్దాం. పని మాత్రం మన మాటల్లో చెప్దాం. పోగు, పురి, తిత్తి, కట్ట మన దగ్గర ఉన్న మాటలే.

ఇంకొకటి కూడా నిజమే: చెప్పినంత మాత్రాన దవాఖానలో సూది దొరకదు, అక్కడి మనిషి మారడు. ఒప్పుకుంటా. కానీ తెలిసి అడిగే మనిషి తెలియక అడిగే మనిషి కంటే గట్టిగా అడుగుతుంది. అది నేను కళ్లారా చూశా.

తమ్ముడూ నేనూ మర్నాడు మళ్లీ కూర్చున్నాం. వాడు విషయం చెప్పాడు, నేను మాటలు వెతికా. ఈసారి నోబెల్ లేదు, నానోమీటర్లు లేవు. "అమ్మా, పాత భీము అయిపోయి కొత్తది ఎక్కించినప్పుడు పాత పోగు కొసా, కొత్త పోగు కొసా కలిపి వేళ్లతో పురి పెట్టి అతుకుతరు కదా. మన నరం కొసల్ల గూడ గట్లనే పురి పడాలె. ఆ విషం ఒక పోగును కోసేస్తది. ఇంక పురి పడది, ఒళ్లు బిగుసుకపోతది" అని చెప్పా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "మరి తెగిన పోగును మళ్ల అతకరాదా?"

ఇంత మంచి ప్రశ్న నేను క్లాసులో ఒక్కసారి కూడా అడగలేదు. తమ్ముడు పుస్తకం తిప్పి చూశాడు. తెగినదాన్ని ఎవరూ అతకలేరు. ఒళ్లే కొత్త పోగులు నేసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా దవాఖానలో ఊపిరి ఆగకుండా కాపాడుకోవాలి. అది విన్నాక అమ్మ చెప్పులేసుకుంది. గాయం సబ్బుతో కడిగించి వేరే దవాఖానకు తీసుకెళ్లాం. అక్కడ కూడా "ఇప్పుడెందుకు" అన్నట్టు చూశారు. అమ్మ హిందీలో, "సత్రా సాల్ హో గయే" అంది. పదిహేడేళ్లయింది అని. సూది వేశారు.

మిత్రులారా, సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మను, పెద్దమ్మను, నాయనమ్మను ఒక్క ప్రశ్న అడగండి: చివరి సూది ఎప్పుడు? "నువ్వు కడుపులో ఉన్నప్పుడు" అంటే మీ వయసే లెక్క. ఇరవై ఏళ్లు. తీసుకెళ్లి వేయించండి, ఎందుకో కూడా చెప్పండి.

మన డిపార్ట్‌మెంట్ మేడమ్‌లకు ఒక విన్నపం. ఈ గోడ మీద నెలకొక్క కాగితం ఇలాంటి విషయాలకు ఇవ్వండి. రాసేది మనం, తప్పులు చూసేది జంతుశాస్త్రం డిపార్ట్‌మెంట్ వాళ్లు. ఈ వ్యాసంలో తప్పుంటే వాళ్లే కింద ఎర్ర పెన్నుతో రాయండి, సంతోషంగా దిద్దుకుంటా. వచ్చే నెల కాగితానికి ఒక ప్రశ్న ఇప్పటికే సిద్ధంగా ఉంది. నిన్న ఫోన్ చేసినప్పుడు అమ్మ అడిగింది: "బీపీ గోలీ రోజూ ఎందుకు వేసుకోవాలె బిడ్డా? తగ్గినంక గూడనా?"

- బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని